‘భ్రూణహత్య’ అనే మాట మనకొద్దు

ప్రభుత్వాసుపత్రుల ప్రహరీ గోడల మీద, అంగన్‌వాడీ కేంద్రాల్లో, బస్టాండుల్లో ‘భ్రూణహత్య మహాపాపం’ అన్న రాతలు ఏళ్ళ తరబడి చూస్తున్నాం. కొన్నిటి కింద జిల్లా యంత్రాంగం పేరుంటుంది. కొన్నిటి కింద స్వచ్ఛంద సంస్థల పేర్లుంటాయి. మహిళా సంఘాల పేర్లు కూడా వుంటాయి. ఆడపిల్లలు తగ్గిపోతున్నారన్న నిజమైన ఆందోళనతోనే మనవాళ్ళు ఆ గోడల దగ్గరికి వెళ్ళారు, సందేహం లేదు. కానీ గోడ మీద రాసింది లింగనిర్ధారణ గురించి కాదు, గర్భస్రావం గురించి. చదివే స్త్రీకి అందే సందేశం ఒక్కటే: కడుపు తీయించుకోవడం హత్య, తీయించుకున్నది హంతకురాలు.

ఈ మాటకి ఒక సిద్ధాంతం కూడా తోడయింది. అబార్షన్‌కీ శిశుహత్యకీ తేడా లేదనీ, మొదటిదానికి అలవాటు పడ్డ సమాజం రెండోదానికీ అలవాటు పడుతుందనీ, అందువల్ల మొదటిదాన్ని కట్టడి చేస్తే రెండోది తగ్గుతుందనీ ఆ వాదం. మతపెద్దలు ఈ మాట అంటే మనకి ఆశ్చర్యం వుండదు. జిల్లా స్థాయి వర్క్‌షాపుల్లో, శిక్షణా శిబిరాల్లో, మన కార్యకర్తల నోటే వినిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. ఎందుకంటే చరిత్ర దీనికి సరిగ్గా తలకిందులుగా వుంది. సురక్షితమైన అబార్షన్ దొరకని కాలంలో, దొరకని చోట, పుట్టిన బిడ్డలు చచ్చారు, చంపబడ్డారు, చెత్తకుప్పల పాలయ్యారు. వాళ్ళ తల్లులు నాటువైద్యాలతో చనిపోయారు లేదా బోనెక్కారు. ఆడపిల్లల విషయంలో కథ కొంత వేరు. దాన్ని వేరుగానే చూడాలి, కలిపి చూసినందువల్లనే ఇంత గందరగోళం.

ముందు ‘శిశుహత్య’ అనే మాటని విడదీయాలి. ఈ ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, గర్భాన్ని దాచుకున్న ఒంటరి స్త్రీ, చాలాసార్లు పెళ్ళికాని చిన్నపిల్ల, ఎవరూ లేని చోట కని, ఆ రోజే జరిగిపోయే మరణం. ఫిలిప్ రెస్నిక్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1970లో, పుట్టిన ఇరవై నాలుగు గంటల్లో జరిగే ఈ మరణాలని తక్కిన శిశుహత్యల నుంచి వేరుచేసి చూపించాడు. ఇందులో భయం, సిగ్గు, ఒంటరితనం ప్రధానం. రెండోది, ఇంటిల్లిపాదీ కలిసి తీసుకునే నిర్ణయం: పుట్టింది ఆడపిల్ల కాబట్టి వుంచుకోకూడదు. ఇక్కడ దాపరికం ఊరి నుంచి కాదు, పోలీసుల నుంచి మాత్రమే. అత్తగారికి తెలుసు, మంత్రసానికి తెలుసు, పక్కింటివాళ్ళకి తెలుసు. మూడోది ఏ లెక్కల్లోకీ రాదు. జ్వరమొస్తే కొడుకుని ఆసుపత్రికి, కూతుర్ని దేవుడి దగ్గరికి పంపడం. పాలు త్వరగా మాన్పించడం, టీకా వేయించకపోవడం. దీన్ని చంపడం అని ఎవరూ అనరు గానీ, మన దేశంలో ఆడపిల్లలు ఎక్కువగా పోయింది ఈ దారినే.

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో పుస్తకంలో శిశుహత్యల కింద దేశం మొత్తానికి కనిపించే అంకె చూస్తే నవ్వొస్తుంది. అది పోలీసుల చేతికి చిక్కిన స్త్రీల లెక్క. చనిపోయిన బిడ్డల లెక్క అనుకోవడానికి వీల్లేదు. కాలక్రమంలో శిశుహత్యలు పెరిగాయా తగ్గాయా అని ఎవరు గ్రాఫు గీసినా, అది ఈ మూడింటిలో దేని గ్రాఫు అని మొదట అడగాలి.

మొదటి రకానికి సంబంధించిన చట్టం చరిత్ర చూడండి. ఇంగ్లండులో 1624లో ఒక చట్టం వచ్చింది. పెళ్ళికాని స్త్రీ బిడ్డని కని, ఆ బిడ్డ మరణాన్ని దాచిపెడితే, ఆమె హంతకురాలే అని చట్టం ముందే నిర్ణయించేసింది. బిడ్డ చచ్చి పుట్టిందని ఆమె సాక్షిని తెచ్చి నిరూపించుకోవాలి. ఒంటరిగా, రహస్యంగా కన్న మనిషికి సాక్షి ఎక్కణ్ణుంచి వస్తుంది? పెళ్ళయిన స్త్రీలకి ఈ చట్టం వర్తించలేదు. శిక్షించింది బిడ్డ చావుని కాదు, పెళ్ళి లేకుండా కన్నందుకు. దాదాపు నూట ఎనభై ఏళ్ళు ఇది నడిచింది. చివరికి 1803లో లార్డ్ ఎలెన్‌బరో పేరుతో వచ్చిన చట్టం దీన్ని రద్దు చేసి, ప్రసవాన్ని దాచిపెట్టడాన్ని రెండేళ్ళ వరకు జైలు పడే చిన్న నేరంగా మార్చింది. అయితే అదే చట్టం, అదే చేత్తో, అబార్షన్‌ని మొట్టమొదటిసారి శాసనం ద్వారా నేరం చేసింది. కడుపులో కదలిక వచ్చాక చేయిస్తే మరణశిక్ష. ఒక తలుపు కాస్త తెరిచి, ఇంకో తలుపు బిగించడమన్నమాట. గర్భం మీదా ప్రసవం మీదా నిఘా ఒకే కుదురు నుంచి వచ్చిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ కుదురే 1860లో భారత శిక్షాస్మృతిగా మన నెత్తిన పడింది. 312వ సెక్షన్ గర్భస్రావం, 315 బిడ్డ సజీవంగా పుట్టకుండా చేయడం, 317 బిడ్డని వదిలేయడం, 318 మృతదేహాన్ని రహస్యంగా పారేసి ప్రసవాన్ని దాచడం. వరసగా, పక్కపక్కనే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కదా, వలసపాలన వాసన వదిలించామని చెప్పుకున్నారు కదా. ఈ సెక్షన్లు 88 నుంచి 94 దాకా అంకెలు మార్చుకుని అలాగే వున్నాయి. మృతదేహాన్ని పారేసిన ‘ఎవరైనా’ శిక్షార్హులని 94వ సెక్షన్ అంటుంది. ఆచరణలో ఆ ‘ఎవరైనా’ ఎవరో మీకు తెలుసు. ఆ గర్భానికి కారణమైన మగవాడి పేరు ఎఫ్.ఐ.ఆర్.లో వెతకండి, దొరికితే చెప్పండి.

మన దేశంలో బ్రిటిష్‌వాళ్ళు శిశుహత్య గురించి చాలా మాట్లాడారు. 1789లో జోనాథన్ డంకన్ జౌన్‌పూర్ ప్రాంతపు రాజ్‌కుమార్ రాజపుత్రుల్లో ఆడశిశువుల్ని చంపే ఆచారాన్ని రికార్డు చేశాడు. 1870లో ఆడశిశుహత్యల నిరోధక చట్టం వచ్చింది. కొన్ని కులాల్ని, గ్రామాల్ని అనుమానితులుగా గుర్తించి పుట్టుకలూ చావులూ నమోదు చేయించారు. అదే సమయంలో, ఆ అనుమానిత జాబితాల్లో లేని ఇళ్ళలో, బాల్యంలోనే తలలు గొరిగించుకున్న వితంతువులు బావమరుదుల వల్ల, మామల వల్ల గర్భాలు తెచ్చుకుని, పసర్లు తాగి చచ్చిపోతున్నారు, లేదా కని పీక నొక్కుతున్నారు. ‘భ్రూణహత్య’ అనే మాట ఆధునిక భాషల్లో ఎక్కువగా వాడకంలోకి వచ్చింది ఈ వితంతువుల సందర్భంలోనే. విద్యాసాగర్ 1855 నాటి తన రచనల్లో వితంతు వివాహానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. గమనించండి, ధర్మసూత్రాల్లో భ్రూణహంత అంటే పిండాన్ని చంపినవాడే కాదు, వేదం చదివిన బ్రాహ్మణ్ణి చంపినవాడు కూడా. వంశం, కులం, పవిత్రత చుట్టూ పుట్టిన మాట అది. అందులో స్త్రీ ఎక్కడా లేదు. మనం దాన్ని తెచ్చి ఆడపిల్లల హక్కుల పోస్టరు మీద రాసుకున్నాం!

1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే యువ బ్రాహ్మణ వితంతువుకి, అక్రమ సంతానాన్ని చంపిన నేరానికి ఉరిశిక్ష వేశారు. అప్పీలులో అది ప్రవాస శిక్షగా మారింది. పత్రికలు ఆమెని, ఆమెతో పాటు స్త్రీజాతిని తిట్టిపోశాయి. ఆ తిట్లకి జవాబుగానే తారాబాయి షిండే 1882లో ‘స్త్రీ పురుష తులన’ రాసింది. మన రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది కూడా ఆ 1881లోనే, డిసెంబర్ 11న. సంస్కర్తలందరికీ రోగం తెలుసు. మందు మాత్రం అందరూ వివాహంలోనే వెతికారు. ఒక్క ఫూలే దంపతులు ఇంకో ప్రశ్న వేసుకున్నారు. గర్భం వచ్చేసిన మనిషి ఇవాళ రాత్రి ఎక్కడికి వెళ్తుంది? 1863లో పూణేలో తమ ఇంట్లోనే బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. వితంతువులారా, వచ్చి రహస్యంగా కనండి, బిడ్డని తీసుకెళ్ళినా వదిలి వెళ్ళినా మీ ఇష్టం అని ఊళ్ళో ప్రకటనలు అంటించారు. పాపం అని రాయలేదు. అలా వచ్చిన ఒక వితంతువు కొడుకునే సావిత్రిబాయి, జోతిబా పెంచుకున్నారు. గోడ మీద ఏం రాయాలో మనకి నూట అరవై ఏళ్ళ కిందటే నేర్పినవాళ్ళున్నారు.

ఇక ఇరవయ్యో శతాబ్దం. అబార్షన్‌ని నిషేధిస్తే ఏమవుతుందో ఒక దేశం మొత్తం మీద జరిగిన ప్రయోగం రుమేనియా. 1966 అక్టోబర్లో చౌసెస్కు ప్రభుత్వం 770వ డిక్రీతో, కొద్ది మినహాయింపులు తప్ప అబార్షన్‌ని నిషేధించింది. జనాభా పెరగాలి, దేశానికి శ్రామికులు కావాలి అన్నది కారణం. స్త్రీకి సగటున 1.9 కాన్పులున్నది మరుసటి ఏడాదికి 3.7 అయింది. కానీ స్త్రీలు త్వరలోనే దొంగదారులు వెతుక్కున్నారు, కాన్పుల రేటు మళ్ళీ దిగింది. దిగనిది మరణాల రేటు. 1989 నాటికి లక్ష ప్రసవాలకి దాదాపు 170 మంది తల్లులు చనిపోతున్నారు, యూరప్‌లో అంత ఘోరం ఇంకెక్కడా లేదు. అందులో అత్యధిక భాగం దొంగచాటు అబార్షన్ల వల్లే. ఆ రెండు దశాబ్దాల పైచిలుకులో సుమారు పదివేల మంది స్త్రీలు ఇలా పోయారని అంచనా. పుట్టిన బిడ్డలేమయ్యారు? లక్షమందికి పైగా పిల్లలు ప్రభుత్వ అనాథ సంస్థల్లో దొరికారు. మంచాలకి కట్టేసిన పిల్లలు, మాట రాని పిల్లలు, ఎయిడ్స్ సోకిన పిల్లలు. 1989 డిసెంబర్లో చౌసెస్కు పడిపోగానే కొత్త ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ నిషేధం ఎత్తేయడం. ఒక్క ఏడాదిలో మాతృమరణాల రేటు సగానికి పడిపోయింది. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త ఆసుపత్రి కట్టలేదు. చట్టం మారింది, అంతే.

రుమేనియా మనకెందుకనుకోవద్దు. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం ఇద్దరు పిల్లలకి మించి వున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదంది. కొడుకు ఒక్కడైనా కావాలి, ఇద్దరే వుండాలి అన్నప్పుడు ఎవరు తగ్గుతారో లెక్కలు రానివాళ్ళకి కూడా తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధన ఎత్తేసింది, సంతోషం. కానీ ఎందుకు ఎత్తేసింది? కాన్పుల రేటు 1.7కి పడిపోయింది, ముసలివాళ్ళు పెరుగుతున్నారు, ఇక ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రి బహిరంగంగా పిలుపునిచ్చారు. నిన్న మన గర్భసంచుల్ని కోసి టార్గెట్లు పూర్తిచేసిన రాజ్యం, ఇవాళ అవే గర్భసంచుల నుంచి శ్రామికుల్ని అడుగుతోంది. కనమనే పిలుపు, అబార్షన్ పాపమనే గోడరాత ఒకే ఊళ్ళో కలుసుకుంటే ఏమవుతుందో అని నాకు భయంగా వుంది.

అమెరికా లెక్కల్ని అబార్షన్ వ్యతిరేకులు తరచుగా ఉదాహరిస్తారు కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. అక్కడి సుప్రీంకోర్టు 1973లో రో వర్సెస్ వేడ్ తీర్పుతో అబార్షన్ హక్కుని గుర్తించింది. ఆ తర్వాత దశాబ్దాల్లో ఏడాదిలోపు పిల్లల హత్యల రేటు అన్ని రకాలూ కలిపి చూస్తే తగ్గలేదు. చూశారా, అబార్షన్ సమాజాన్ని కఠినం చేసింది అంటారు. కానీ ఏడాదిలోపు హత్యల్లో చాలా భాగం మొదటి రోజువి కావు. ఏడుస్తున్న నెలల బిడ్డని తండ్రో, తల్లితో కాపురముంటున్న మగవాడో గోడకేసి కొట్టడం లాంటి హింస అది. దానికీ గర్భాన్ని దాచుకున్న పిల్లకీ సంబంధం లేదు. మొదటి ఇరవై నాలుగు గంటల మరణాల్ని వేరుచేసి చూసిన డేవిడ్ లెస్టర్, రో తీర్పు తర్వాత అవి తగ్గాయని 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో చూపించాడు. సోరెన్సన్, వీబే, బెర్క్ అనే పరిశోధకులు 2002లో చేసిన అధ్యయనంలో, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల హత్యలు తీర్పు తర్వాత తగ్గాయని తేలింది. ఏడాదిలోపు పిల్లల్లో అలాంటి మార్పు వాళ్ళకి కనిపించలేదు. ఇది ఇలాగే చెప్పాలి. మన వాదానికి అనుకూలమైన సగం చెప్పి తక్కిన సగం మింగేస్తే, రేపు ఎదుటివాడు ఆ సగం తీసి మన ముందు పెడతాడు. కట్టలు తెగిన శిశుహత్యలు మాత్రం ఏ లెక్కలోనూ లేవు.

1999లో టెక్సస్‌తో మొదలుపెట్టి అమెరికా రాష్ట్రాలన్నీ ‘సురక్షిత స్థలం’ చట్టాలు చేశాయి. పుట్టిన బిడ్డని ఆసుపత్రిలోనో ఫైర్ స్టేషన్లోనో వదిలేసి వెళ్తే తల్లి మీద కేసుండదు. 1989-98తో పోలిస్తే 2008-17 నాటికి మొదటిరోజు హత్యల రేటు మూడింట రెండు వంతులు తగ్గిందని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క. మంచిదే. కానీ ఈ మంచిని ఏం చేశారో చూడండి. 2021 డిసెంబర్లో డాబ్స్ కేసు వాదనల్లో ఒక మహిళా న్యాయమూర్తే, బిడ్డని అలా వదిలేసే వీలున్నప్పుడు అబార్షన్ దేనికి అన్న అర్థం వచ్చే ప్రశ్న వేసింది. 2022 జూన్ 24న రో తీర్పు కొట్టేశారు. తొమ్మిది నెలలు మోయడం, కనడం, కన్నదాన్ని ఇచ్చెయ్యడం ఇవన్నీ ఆమె లెక్కలో ఖర్చు లేని పనులు.

ఈ ‘కని ఇచ్చెయ్యి’ వాదం మన సుప్రీంకోర్టులోనూ వినపడింది. 2023 అక్టోబర్లో ఇద్దరు బిడ్డల తల్లి, రెండో కాన్పు తర్వాత మానసికంగా దెబ్బతిని మందులు వాడుతున్న స్త్రీ, ఇరవై ఆరు వారాల గర్భాన్ని తీసేయమని కోరితే కోర్టు కాదంది. ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది, కావాలంటే దత్తతకి ఇవ్వచ్చు అంది. బిడ్డ పుట్టాక మానసికంగా కూలిపోయిన స్త్రీల గురించి వైద్యశాస్త్రం నూరేళ్ళుగా చెబుతున్నదేమిటో, ఇంగ్లండు 1922లోనే శిశుహత్యని మామూలు హత్య నుంచి వేరుచేస్తూ చట్టం ఎందుకు చేసిందో అంత పెద్ద కోర్టుకి ఎవరు గుర్తు చెయ్యాలి?

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం, ఆడపిల్లలు. 1971 గర్భస్రావ చట్టం స్త్రీల పోరాటం వల్ల రాలేదు. శాంతిలాల్ షా కమిటీ నాటుపద్ధతుల వల్ల చనిపోయే స్త్రీల గురించి 1966లో నివేదిక ఇచ్చింది, నిజమే, కానీ చట్టాన్ని ముందుకు తోసింది జనాభా భయం. అది ఇచ్చింది హక్కు కాదు, డాక్టరుకి మినహాయింపు. నిర్ణయం ఇవాళ్టికీ డాక్టరు చేతిలోనే వుంది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఉమ్మనీటి పరీక్ష, దాని వెనక అల్ట్రాసౌండ్ వచ్చాయి. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 1981లో 962 మంది, 1991లో 945, 2001లో 927, 2011లో 918. మన ఉమ్మడి రాష్ట్రంలో 1991లో 975 వున్నది 2011కి 939 అయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పుట్టుక దగ్గరే 894.

ఇక్కడ ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. పుట్టాక చంపడం, నిర్లక్ష్యంతో పోగొట్టుకోవడం కొంత తగ్గి, ఆ మేరకి పుట్టకముందే తీసేయడం పెరిగింది. తైవాన్‌లో 1985లో అబార్షన్ చట్టబద్ధమయ్యాక, మూడో కాన్పు ఆపైన మగపిల్లల వాటా పెరిగిందనీ, పుట్టిన ఆడశిశువుల తొలి నెల మరణాలు తగ్గాయనీ అర్థశాస్త్రజ్ఞులు చూపించారు. అంటే శిశుహత్య పుట్టుకకి అవతలి వైపుకి జరిగింది అంటారు కొందరు. జరిగింది కాబట్టి అబార్షనే దోషి అంటారు. ఇంకొందరు, పోనీలే బిడ్డ బాధపడకుండా పోయింది అని ఊరట చెందుతారు. రెండో రకం వాళ్ళ ఊరట నాకు మింగుడు పడదు. తైవాన్ లెక్కల్లోనే బతికి బట్టకట్టిన ఆడశిశువులు, తీసేసిన గర్భాలలో ఒక చిన్న భాగం మాత్రమే. యంత్రం వున్న కోరికని చౌక చేసింది, కొత్త ఇళ్ళకి తీసుకెళ్ళింది, ఎప్పుడూ పిల్లని చంపని కులాలకి కూడా నేర్పింది. అయితే మొదటి రకం వాళ్ళు అడగని ప్రశ్న ఇది: అబార్షన్ లేని 1789లో జౌన్‌పూర్‌లో ఆడపిల్లలు ఎందుకు చచ్చారు? తమిళనాడులో ఉసిలంపట్టి గురించి 1986లో పత్రికలు రాసినప్పుడు, ఎరుక్కం పాలు పోసి చంపిన బిడ్డల తల్లులకి స్కానింగ్ అందుబాటులో వుందా? లేదు. కూతురంటే కట్నం, కూతురంటే పొలంలో వాటా లేని మనిషి అన్న లెక్క యంత్రం కంటే ముందే వుంది.

జయలలిత ప్రభుత్వం 1992లో సేలంలో ఊయల పథకం పెట్టింది. వద్దనుకున్న ఆడపిల్లని చంపొద్దు, మాకివ్వండి అంది. మనం దాన్ని విమర్శించాం, విమర్శించాల్సిందే, అది తండ్రుల బాధ్యతని రాజ్యం ఖాతాలో వేసింది. కానీ ఆ జిల్లాల్లో పనిచేసినవాళ్ళు దానితో ఆగలేదు. 1990ల చివర్లో ధర్మపురి పల్లెల్లో వీధి నాటకాలతో తిరిగారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పసిబిడ్డల మరణాల్ని ఒక్కొక్కటిగా ఆరా తీశారు. 2001, 2011 జనాభా లెక్కల మధ్య సేలం, ధర్మపురిలలో ఆడపిల్లల నిష్పత్తి మెరుగుపడింది.

మన దగ్గర ఏం చేశారు? 1999లో, మళ్ళీ 2001లో తండాల నుంచి లంబాడా ఆడబిడ్డల్ని కొద్దిపాటి డబ్బులిచ్చి కొని, దత్తత సంస్థల ద్వారా విదేశాలకి పంపుతున్న వ్యవహారం బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం పేరు పత్రికల్లో మోగిపోయింది. ఏజెన్సీల మీద చర్యలు అవసరమే. కానీ 2001లో ప్రభుత్వం పేదరికం వల్లగానీ, ఆడపిల్ల అయినందువల్లగానీ బిడ్డని అప్పగించడాన్నే నిషేధించింది. తండాలో ఆ నాలుగో కూతురి తల్లికి మాత్రం కాన్పు ఆపుకునే దారీ, అబార్షన్ చేయించుకునే దారీ, బతుకుదెరువు దారీ ఎవరూ చూపించలేదు.

లింగనిర్ధారణ పరీక్షల మీద చట్టం మనం తెచ్చుకున్నది. ముంబయి మహిళా సంఘాలు పోరాడితే 1988లో మహారాష్ట్ర చట్టం, 1994లో కేంద్ర చట్టం వచ్చాయి. అమలు చెయ్యడం లేదని సెహత్, మాసుం, సాబూ జార్జ్ 2000లో సుప్రీంకోర్టుకి వెళ్తే గానీ కదలలేదు. ఆ చట్టం లక్ష్యం స్కానింగ్ యంత్రం, దాని యజమాని, దాని రికార్డు. గర్భిణిని ఇంట్లోవాళ్ళే బలవంతపెట్టి వుంటారనే ఆ చట్టం భావిస్తుంది. ఇది గొప్ప విషయం, దీన్ని కాపాడుకోవాలి. అమలు చేసే అధికారులకి మాత్రం యంత్రాల యజమానుల జోలికి వెళ్ళడం కంటే మందుల షాపు మీద దాడి తేలిక. పంజాబ్, హర్యానా, తమిళనాడు వంటి చోట్ల అబార్షన్ మాత్రలు అమ్మడానికే దుకాణదారులు భయపడుతున్నారు.

ఇందులో తర్కం ఎంత వుందో చూడండి. 2015లో దేశంలో సుమారు 156 లక్షల అబార్షన్లు జరిగాయని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. అందులో 73 శాతం ఆసుపత్రి బయట మాత్రలతో జరిగినవి. ఆ మాత్రలకి అనుమతి వున్నది తొమ్మిది వారాల వరకే. స్కానింగ్‌లో ఆడో మగో కనపడాలంటే దాదాపు మూడు నెలలు దాటాలి. ప్రభాత్ ఝా బృందం 2011లో లాన్సెట్‌లో వేసిన అంచనా ప్రకారం 2000-2010 దశాబ్దంలో ఆడపిల్ల అని తెలిసి తీసేసినవి 31 నుంచి 60 లక్షలు, అంటే ఏడాదికి మూడు నుంచి ఆరు లక్షలు. ఒక్కొక్కటీ మనకి అవమానమే. కానీ 156 లక్షల పక్కన పెట్టి చూస్తే అది వందకి రెండు నుంచి నాలుగు. ఆ రెండో నాలుగో ఆపడానికి వందమందికీ ‘హంతకురాలు’ అని పేరు పెట్టామన్నమాట.

పైగా నిఘా ఆలోచనలకి అంతే లేదు. 2016లో అప్పటి కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రి మేనకా గాంధీ, ప్రతి గర్భంలోనూ లింగం ముందే నిర్ధారించి, రిజిస్టరు చేసి, కనేదాకా వెంటాడాలన్నారు. 2024లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అధ్యక్షుడు ఇంచుమించు అదే పాట పాడారు. డాక్టర్ల మెడ మీద వున్న చట్టాన్ని తీసి గర్భిణుల మెడకి తగిలించే ఉపాయమిది. 1870 చట్టం పుట్టుకల్ని రిజిస్టర్లో రాసింది. వీళ్ళు గర్భాల్నే రాస్తామంటున్నారు.

ఇంతకీ మనం చెయ్యాల్సినవి పెద్ద పనులు కావు. మన సంస్థల కరపత్రాల్లో, పాటల్లో, ఫ్లెక్సీల్లో ‘భ్రూణహత్య’ తీసేసి ‘లింగనిర్ధారణ పరీక్ష నేరం’ అని రాద్దాం. పక్కనే ‘అబార్షన్ చట్టబద్ధం’ అని కూడా రాద్దాం, రెండూ ఒకే గోడ మీద. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సంతకం ఒక్కటి చాలు, భర్త సంతకం చట్టం అడగదు. ఈ సంగతి చాలా ఆసుపత్రుల్లో నర్సులకి కూడా తెలియదు, తెలిసినా అడుగుతారు. 2021 సవరణ భర్త అనే మాటని భాగస్వామిగా మార్చింది, 2022 సెప్టెంబర్ 29 తీర్పు పెళ్ళికాని స్త్రీలకీ ఇరవై నాలుగు వారాల వీలుని వర్తింపజేసింది. మైనరు పిల్లల విషయంలో, పోక్సో చట్టం కింద సమాచారం ఇచ్చేటప్పుడు ఆ పిల్ల పేరు డాక్టరు చెప్పక్కర్లేదని అదే తీర్పులో వుంది. పోలీసు కాగితం తెస్తేనే ముట్టుకుంటాం అని పదహారేళ్ళ పిల్లని తిప్పి పంపే ఆసుపత్రుల దగ్గరికి ఆ తీర్పు ప్రతి పట్టుకుని వెళ్ళాలి. తిప్పి పంపబడ్డ ఆ పిల్లే కదా నాలుగు నెలల తర్వాత హాస్టల్ బాత్‌రూంలో కనేది.

అప్పుడు పత్రికలు ‘కసాయి తల్లి’ అని రాస్తాయి. మనలో కొందరం నిజనిర్ధారణకి వెళ్తాం. వెళ్ళినప్పుడు మన ప్రశ్నల కాగితంలో ఇప్పటిదాకా లేని కొన్ని చేర్చాలని నా ప్రతిపాదన. గర్భం సంగతి ఆమెకి ఎన్నో వారంలో తెలిసింది? ఎవరికైనా చెప్పిందా, వాళ్ళేమన్నారు? ఏ ఆసుపత్రికి, ఏ మందుల షాపుకి వెళ్ళింది, ఎక్కడ కాదన్నారు, ఏ కారణం చెప్పి? ఎంత డబ్బడిగారు? మగవాడెవరు, అతన్ని పోలీసులు పిలిచారా? కేసు 94 కిందా, హత్య కిందా, లాయరెవరు? పది జిల్లాల్లో రెండేళ్ళు ఈ జవాబులు సేకరిస్తే, శిశుహత్యల మీద మనకంటూ ఒక లెక్క తయారవుతుంది. నమూనా ప్రశ్నావళి రాయడానికి నేను సిద్ధంగా వున్నాను. జిల్లాల్లో ఎవరెవరు కలుస్తారో వచ్చే సంచికలోపు పత్రికకి రాయండి.